క్లౌడ్ బిల్లు మోయలేకపోతున్నాం: డెడికేటెడ్ సర్వర్ అద్దెకు తీసుకోవచ్చా?

బందరు_కాలువ · విజయవాడ · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది నలుగురం నడుపుకునే చిన్న సంస్థ. ఉద్యోగ పరీక్షలకు చదివేవారికి తెలుగులో నమూనా పరీక్షలు పెడతాం. వారమంతా ప్రశాంతంగా ఉంటుంది. ఆదివారం ఉదయం 10 గంటలకు మాత్రం నాలుగైదు వేల మంది ఒక్కసారిగా లాగిన్ అవుతారు. ఇప్పటిదాకా అంతా క్లౌడ్‌లోనే (పెద్ద కంపెనీల యంత్రాలను వాడినంతకు వెల కట్టే పద్ధతి) ఉంది. పోయిన నెల బిల్లు 71 వేలు వచ్చింది. మా ఆఫీసు అద్దె 18 వేలు!

ఒక కంపెనీ ముంబయిలో ఉన్న యంత్రాన్ని మొత్తంగా మనకే అద్దెకు ఇస్తానంటోంది, అదే డెడికేటెడ్ సర్వర్. 8 కోర్ల ప్రాసెసర్, 64 జీబీ ర్యామ్, రెండు 960 జీబీ ఎస్‌ఎస్‌డీలు, 1 గిగాబిట్ లైను, పన్నుతో కలిపి నెలకు 14,500. ఇంత తేడా ఉంటే ఎక్కడో మెలిక ఉండి తీరుతుందని నా అనుమానం. ఆ మెలిక ఏమిటో తెలిసినవారు చెప్పండి.

చింతపండు · బెంగళూరు · సోమవారం, రాత్రి 11:15

మీరు చెప్పిన రద్దీ తీరు క్లౌడ్‌కు అచ్చుగుద్దినట్టు సరిపోయేది. ఆదివారం పది గంటలకు పది యంత్రాలు లేపండి, పన్నెండింటికి పడుకోబెట్టండి. అలా చేస్తే బిల్లు 71 వేలు రాకూడదు. వచ్చిందంటే మీ అమరికలోనే ఎక్కడో చిల్లు ఉంది. ఇల్లు మారే ముందు బిల్లు విప్పి చూశారా?

బందరు_కాలువ · సోమవారం, రాత్రి 11:40

ఇప్పుడే చూశాను. యంత్రాలకు 14 వేలు. డేటాబేస్‌కు 16 వేలు, అది రాత్రింబవళ్లు నడవాల్సిందే. చిల్లర సేవలు మూడు వేలు. మిగతా 38 వేలూ డేటా బయటికి పంపినందుకే. ప్రతి పరీక్ష తర్వాత జవాబులు వివరించే వీడియోలు పెడతాం. నెలకు 4 టెరాబైట్లకు కాస్త పైగా వెళుతోంది.

ఓరుగల్లు_కోట · హైదరాబాద్ · మంగళవారం, ఉదయం 6:05

చిల్లు దొరికింది కదా. క్లౌడ్‌లో నీళ్లు లోపలికి రావడం ఉచితం, బయటికి పోతే మీటరు. డెడికేటెడ్ సర్వర్లలో చాలామంది లైనుకు వెల కడతారు, పారిన నీటికి కాదు. 1 గిగాబిట్ లైను నెలంతా నిండుగా పారితే 324 టెరాబైట్లు. మీరు వాడేది 4. అదే మీరు అడిగిన తేడా, అందులో మోసం ఏమీ లేదు.

మెలిక మరొకచోట ఉంది. వాళ్లు మీకు ఇచ్చేది కరెంటు, చల్లదనం, నెట్‌వర్కు, పాడైన భాగం మార్చే ఒక మనిషి. అంతే. డిస్కు పోతే డిస్కు మారుస్తారు, డిస్కులో ఉన్నదాన్ని తేరు. క్లౌడ్‌లో కింది యంత్రం చచ్చిపోతే మీ యంత్రాన్ని ఇంకో దాని మీద లేపవచ్చు, డిస్కు వేరే చోట ఉంటుంది కాబట్టి. ఇక్కడ మీ పెట్టె చచ్చిపోతే మీ సైటు చచ్చిపోయినట్టే, ఆ భాగం మారేదాకా. నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పెట్టెల మధ్యే తిరుగుతున్నాను. భాగం మార్చడానికి అరగంట పట్టిన రాత్రులూ చూశాను, తొమ్మిది గంటలు పట్టిన రాత్రులూ చూశాను. ఒప్పందంలో ‘ఎంతసేపట్లో జవాబిస్తాం’ అన్న వాక్యం చూసి సంబరపడకండి. ఎంతసేపట్లో మారుస్తారో రాశారా అన్నది చూడండి.

సందేహి · కాకినాడ · మంగళవారం, ఉదయం 8:20

అడ్డు వస్తున్నందుకు క్షమించండి, నేను ఇంకా విద్యార్థిని. వీపీఎస్‌కూ (ఒక యంత్రాన్ని ముక్కలుగా చాలామందికి ఇచ్చేది) దీనికీ తేడా ఏమిటి? అందులోనూ రూట్ అధికారం, అంటే పూర్తి పెత్తనం, మనదే కదా?

ఓరుగల్లు_కోట · మంగళవారం, ఉదయం 8:31

వీపీఎస్ అంటే అపార్ట్‌మెంట్‌లో ఉమ్మడి బోరు. కుళాయి మీదే, కానీ పై అంతస్తు వాళ్లు ట్యాంకు నింపుకుంటుంటే మీకు సన్నగా వస్తుంది. మీ వీపీఎస్‌లో ‘టాప్’ అనే ఆదేశం కొట్టి, ప్రాసెసర్ వరుసలో చివర ‘ఎస్‌టీ’ అని ఉండే అంకె చూడండి. మీకు రావలసిన ప్రాసెసర్ సమయంలో పక్కవాళ్లకు పోయిన వాటా అది. డెడికేటెడ్ యంత్రంలో ఆ అంకె ఎప్పుడూ సున్నాయే.

మైన్‌నదిగట్టు · ఫ్రాంక్‌ఫర్ట్ · మంగళవారం, మధ్యాహ్నం 1:50

నాకు ఇక్కడి అనుభవమే ఉంది. జర్మనీలో ఇది పాత వ్యాపారం. హెట్జ్‌నర్ అనే కంపెనీ 1997 నుంచీ ఉంది, నూరెంబర్గ్, ఫాల్కెన్‌స్టైన్‌లలోనూ ఫిన్లండ్‌లోని హెల్సింకీలోనూ కేంద్రాలున్నాయి. పాత కస్టమర్లు వదిలేసిన యంత్రాలను అక్కడ వేలం తీరులో పెడతారు. పాట ఏమీ ఉండదు. ఎవరూ తీసుకోకపోతే ధర దానంతట అదే కొంచెం కొంచెం దిగుతూ పోతుంది, నచ్చిన దగ్గర పట్టుకోవాలి. సంతలో సాయంత్రం కూరగాయల బేరంలా ఉంటుంది. నా సొంత పనులకు అలాంటిదే వాడుతున్నాను.

కానీ మీ విద్యార్థులు గుంటూరులో, కర్నూలులో ఉంటే ఇక్కడ తీసుకోకండి. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఆకాశమార్గాన దాదాపు 7 వేల కిలోమీటర్లు. కేబుల్ తిన్నగా వేసినా వెళ్లి రావడానికి 70 మిల్లీసెకన్లు తప్పవు. కేబుల్ తిన్నగా ఉండదు కనుక మా ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు 140కి తక్కువ ఎప్పుడూ కనబడలేదు. 2024 ఫిబ్రవరిలో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు ఇంకా పెరిగింది. ముంబయిలో దొరుకుతుంటే ముంబయే తీసుకోండి.

లెక్కల_పుస్తకం · గుంటూరు · మంగళవారం, రాత్రి 9:10

సాంకేతిక విషయం నాకు తెలియదు, డబ్బు సంగతి చెబుతాను. ఇక్కడి కంపెనీ అయితే 18 శాతం జీఎస్టీ వేసి బిల్లు ఇస్తుంది, మీకు రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. విదేశీ కంపెనీ అయితే రివర్స్ ఛార్జ్ కింద ఆ 18 శాతం మీరే కట్టి, తర్వాత మీరే క్రెడిట్ తీసుకోవాలి. చాలామంది చిన్న సంస్థలవారు ఇది మరచిపోయి ఆడిట్ సమయంలో నా దగ్గరకు వస్తారు.

రెండోది కార్డు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, కార్డు నుంచి నెలనెలా దానంతట అదే కోసుకునే చెల్లింపు 5 వేలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావలసి వచ్చింది. 2022 జూన్‌లో ఆ హద్దును 15 వేలకు పెంచారు. అప్పట్లో విదేశీ కంపెనీలు చాలావరకు ఈ పద్ధతికి సిద్ధంగా లేవు. నా క్లయింటు ఒకాయన కార్డు చెల్లింపు తిరస్కరణకు గురైంది. హెచ్చరిక మెయిళ్లు రాజీనామా చేసి వెళ్లిన ఉద్యోగి చిరునామాకు వెళ్లాయి. ఎనిమిదో రోజున సర్వర్ ఆగింది. వీళ్లు మేలుకొని డబ్బు కట్టేసరికి ఆ యంత్రాన్ని తుడిచి ఇంకొకరికి ఇచ్చేశారు. బిల్లు మెయిలు ఇద్దరికి వెళ్లేలా పెట్టుకోండి.

చింతపండు · మంగళవారం, రాత్రి 9:45

చూశారా! క్లౌడ్‌లో వద్దన్న 38 వేలు ఇక్కడ నిద్ర రూపంలో కడతారు. నలుగురిలో అర్ధరాత్రి లేచి చూసేది ఎవరు? ఆ మనిషి జీతం ఈ లెక్కలో వేశారా? వీడియోలు మాత్రం చవకైన సీడీఎన్‌కు (వీడియోల వంటి ఫైళ్లను చాలాచోట్ల నుంచి అందించే సేవ) మార్చండి, మిగతాది కదిలించకండి.

ఓరుగల్లు_కోట · మంగళవారం, రాత్రి 10:02

ఆయన చెప్పిన దాంట్లో సగం సరైనదే, ఆ సగాన్ని కొట్టిపారేయవద్దు. అర్ధరాత్రి లేచే మనిషి లేకపోతే ఈ దారిలోకి రాకండి. ఉంటే రండి. 2022 అక్టోబరులో 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ క్లౌడ్ నుంచి బయటికి వస్తున్నామని ప్రకటించినప్పుడు అందరూ ఆ పొదుపు లెక్కలే చదివారు. వాళ్లకు సర్వర్లు చూసుకునే మనుషులు ముందునుంచీ ఉన్నారన్న సంగతి చాలామంది దాటేశారు.

బందరు_కాలువ · గురువారం, సాయంత్రం 5:30

లేచే మనిషిని నేనే. మా ఆవిడ ఇది చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

తీసుకున్నాను. నిన్న మధ్యాహ్నం డబ్బు కడితే రాత్రికి చేతికి వచ్చింది. డెబియన్ లినక్స్ వేసుకున్నాను, రెండు డిస్కులూ రెయిడ్-1 (ఒకటి పోయినా రెండోదానిలో నకలు ఉండేలా). అంతా బాగానే ఉంది గానీ స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు) తీసి చూస్తే ఒక చిన్న ఆశ్చర్యం: పవర్-ఆన్ గంటలు మొదటి డిస్కుకు 41,212. రెండో డిస్కుకూ 41,212. కొత్త యంత్రం అనుకున్నాను!

ఓరుగల్లు_కోట · గురువారం, సాయంత్రం 6:12

అద్దె యంత్రం కొత్తదని ఎవరు చెప్పారు? నాలుగేళ్ల ఎనిమిది నెలలు ఎవరి దగ్గరో నడిచి వచ్చింది. అది తప్పు కాదు, చాలాచోట్ల అంతే. తప్పు ఆ రెండు అంకెలు ఒకటే కావడం. ఒకే పెట్టెలో నుంచి తీసిన కవలలు, ఒకే రోజు పుట్టి ఒకే పని చేస్తూ అరుగుతున్నాయి. రెయిడ్-1లో రెండు డిస్కుల మీదా ఒకే రాతపడుతుంది కదా.

2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ ఒక ప్రకటన ఇచ్చింది, గుర్తుందా? కొన్ని ఎస్‌ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలు నడిచాక పోతాయి, అందులోని డేటా తిరిగి రాదు, వెంటనే ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చండి అని. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. 32,768 అంటే 2ని పదిహేనుసార్లు హెచ్చించిన అంకె. గంటలు లెక్కపెట్టే గడి నిండి తిరగబడిందన్నమాట. ఒకే రోజు స్విచ్ వేసిన డిస్కులు ఎనిమిది ఉంటే ఎనిమిదీ ఒకే గంటలో పోతాయి. అప్పుడు రెయిడ్ ఏం కాపాడుతుంది? కంపెనీకి టికెట్ (సహాయం కోరే అర్జీ) పెట్టి, ఒక డిస్కు వేరే బ్యాచ్‌ది ఇవ్వమని అడగండి. పని మొదలు పెట్టక ముందే అడిగితే గొణగకుండా ఇస్తారు.

ఇంకొకటి. రెండు డిస్కుల సీరియల్ నంబర్లూ ఈ రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి. సర్వర్‌లో కాదు, కాగితం మీద.

సందేహి · గురువారం, సాయంత్రం 6:40

కాగితం ఎందుకండీ?

ఓరుగల్లు_కోట · గురువారం, సాయంత్రం 6:44

అవసరం వచ్చిన రోజు తెలుస్తుంది.

మైన్‌నదిగట్టు · గురువారం, రాత్రి 8:15

బ్యాకప్ ఎక్కడ పెడుతున్నారు? అదే కంపెనీలో అదే ఊళ్లో అయితే అది బ్యాకప్ కాదు. 2021 మార్చి 10న అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే సర్వర్ కంపెనీ వారి ఎస్‌బీజీ2 భవనం కాలిపోయింది. అయిదంతస్తుల భవనం మొత్తం పోయింది, పక్కనున్న ఎస్‌బీజీ1లో కొంత భాగం కూడా. మనుషులకు ఏమీ కాలేదు, అదొక్కటే మేలు. సంస్థ స్థాపకుడు ఆక్టేవ్ క్లాబా ఆ తెల్లవారుజామునే కస్టమర్లను తమ విపత్తు ప్రణాళికలు అమలు చేసుకోమని కోరాడు. అలాంటి ప్రణాళిక ఒకటి ఉండాలని చాలామందికి తెలిసింది అప్పుడే. రస్ట్ అనే ఆట వారి యూరప్ సర్వర్ల డేటా తిరిగి రాలేదు. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉన్నవారు తర్వాత కోర్టుకు వెళ్లారు.

ఆ వారం మా ఆఫీసులో మేము ఏ పనీ చేయలేదు. మా బ్యాకప్‌లు ఏ ఊళ్లో ఉన్నాయో వెతుక్కున్నాం.

బందరు_కాలువ · గురువారం, రాత్రి 9:20

బ్యాకప్‌కు వేరే కంపెనీలో, వేరే ఊళ్లో, నెలకు 3,200కు చిన్న యంత్రం తీసుకుంటున్నాను. ప్రతి రాత్రి 2 గంటలకు. డిస్కు మార్చమని టికెట్ కూడా పెట్టాను. ‘పనిచేస్తున్న డిస్కు మార్చము’ అని జవాబు.

ఓరుగల్లు_కోట · గురువారం, రాత్రి 9:33

సరే. అయితే కాగితం మరవకండి. మరో మాట: ఐపీఎంఐ చిరునామా బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉందేమో చూడండి. కరెంటు ఆపి వేయడానికీ, తెర చూడడానికీ ఉన్న ఆ చిన్న కంప్యూటర్ మీ పెద్ద కంప్యూటర్ ఆగినా మేలుకునే ఉంటుంది. దాని పాస్‌వర్డ్ తెలియనివాడు అడిగినా హాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే గుర్తును) ఇచ్చేసే లోపం ఐపీఎంఐ 2.0 రూపకల్పనలోనే ఉందని 2013లోనే బయటపడింది. ప్యాచ్ వేస్తే పోయేది కాదు. వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే దారి) వెనక పెట్టించండి.

లెక్కల_పుస్తకం · గురువారం, రాత్రి 9:50

లాగ్‌లు (సర్వర్‌లో జరిగినవాటి చిట్టా) 180 రోజులు దాచాలి, చొరబాటు లాంటిది జరిగితే తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) చెప్పాలి అని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. సర్వర్ మీ చేతికి వచ్చాక ఆ పని కూడా మీ నెత్తినే.

*(ఐదు వారాల తర్వాత)*

బందరు_కాలువ · ఆదివారం, మధ్యాహ్నం 1:10

కాగితం ఎందుకో తెలిసింది.

నిన్న రాత్రి 11:20కి రెయిడ్‌ను కనిపెట్టే ఎండీ-ఆడ్మిన్ నుంచి మెయిలు. లోపలికి వెళ్లి రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్ చూశాను. రెండు ‘యు’ అక్షరాలు పక్కపక్కన ఉండవలసిన చోట ముందు ఒక అడ్డగీత, పక్కన ఒక ‘యు’. మొదటి డిస్కు పోయింది. అరుగుతూ అరుగుతూ పోవడం కూడా కాదు, యంత్రానికి అసలు కనబడడమే మానేసింది. దాని సీరియల్ అడిగితే అలాంటి డిస్కే లేదంటోంది. తెల్లవారితే 4,600 మంది పరీక్ష.

టికెట్ పెట్టాను. ఇరవై నిమిషాలకు జవాబు: పాడైన డిస్కు సీరియల్ నంబరు చెప్పండి. బల్ల సొరుగులో కాగితం ఉంది కాబట్టి బతికిపోయాను. ‘ఈ నంబరుది తీయండి, ఈ రెండో నంబరుది ముట్టుకోకండి’ అని రెండూ రాశాను. ముట్టుకోవద్దన్నదాన్ని మూడుసార్లు రాసినట్టున్నాను, ఇప్పుడు చదువుతుంటే సిగ్గేస్తోంది.

12:50కి మార్చేశామన్నారు. దానికోసం యంత్రాన్ని ఆపి మళ్లీ వేశారు. మళ్లీ వేశాక లేవలేదు. పింగ్ చేస్తే జవాబు లేదు. వీపీఎన్‌లోంచి ఐపీఎంఐ తెర తెరిస్తే నల్లటి తెర మీద తెల్ల అక్షరాల్లో ఒకే వాక్యం, బూట్ చేయడానికి ఏదీ దొరకలేదని. డేటా రెండో డిస్కులో భద్రంగా ఉంది. దాన్ని లేపేవాడు లేడు.

ఓరుగల్లు_కోట · ఆదివారం, మధ్యాహ్నం 1:18

గ్రబ్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాం) మొదటి డిస్కు మీద ఒక్కదాని మీదే ఉండి ఉంటుంది.

బందరు_కాలువ · ఆదివారం, మధ్యాహ్నం 1:35

అదే. ఇన్‌స్టాల్ చేసిన రోజు ‘ఏ డిస్కు మీద వేయాలి’ అని అడిగితే మొదటిదాన్ని ఎంచుకొని ముందుకు వెళ్లాను. రెయిడ్ కట్టాక రెండింటి మీదా ఉంటుందనే అనుకున్నాను. రెయిడ్ విభజనల లోపలి దాన్ని మాత్రమే నకలు చేస్తుంది, డిస్కు మొదట్లో కూర్చునే గ్రబ్‌ను కాదు.

కంపెనీ ప్యానెల్‌లో రెస్క్యూ మోడ్ ఎంచుకొని నెట్‌వర్క్ నుంచి ఒక చిన్న లినక్స్‌ను లేపాను. రెయిడ్‌ను ఒంటి డిస్కుతోనే నిలబెట్టి, మౌంట్ చేసి (తెరిచి), లోపలికి క్రూట్ అయ్యాను, అంటే ఆ డిస్కులోని నా సిస్టమ్‌లోకే దిగాను. ఇంతవరకు చేతులు వణకలేదు. విభజనల పట్టికను పాత డిస్కు నుంచి కొత్తదానికి నకలు చేసే దగ్గర ఆగిపోయాను. ఆ ఎస్‌జీడిస్క్ ఆదేశంలో ముందు రాయవలసింది చేరవలసిన డిస్కు పేరు, తర్వాత మూలం. మన బుద్ధికి ఎప్పుడూ మూలమే ముందు తోస్తుంది. తిరగేసి రాస్తే ఖాళీ పట్టిక వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది. పైగా డిస్కు మారాక పేర్లు కూడా తారుమారయ్యాయి, నిన్నటి ‘బి’ ఈ రోజు ‘ఎ’. సీరియల్ నంబర్లు కాగితంతో సరిచూసుకొని, లేచి మంచినీళ్లు తాగి వచ్చి, అప్పుడు ఎంటర్ నొక్కాను.

తర్వాత రెండు డిస్కుల మీదా గ్రబ్ వేశాను. 3:10కి సైటు లేచింది. రెయిడ్ పునర్నిర్మాణం 4:30 దాటాక ముగిసింది. పరీక్ష పదికి మొదలైంది, ఎవరికీ ఏమీ తెలియలేదు.

చింతపండు · ఆదివారం, మధ్యాహ్నం 2:20

మీరు బయటపడినందుకు నిజంగా సంతోషం. కానీ ఇదే నేను చెప్పింది. ఆ మంచినీళ్లు తాగిన నిమిషం క్లౌడ్‌లో మీకు ఉండేది కాదు.

బందరు_కాలువ · ఆదివారం, మధ్యాహ్నం 2:41

ఒప్పుకుంటాను. కానీ ఈ నెల మొత్తం ఖర్చు 17,700. మునుపటి 71 వేలతో పోలిస్తే మిగిలినదాంతో మా నాలుగో మనిషికి జీతం పెంచగలిగాను. ఒక రాత్రి నిద్ర పోయింది, సరే. ఇది ప్రతి నెలా జరిగితే మీ దారికే వస్తాను.

మైన్‌నదిగట్టు · ఆదివారం, సాయంత్రం 4:05

రెండో డిస్కు గంటలు ఎన్ని?

బందరు_కాలువ · ఆదివారం, సాయంత్రం 4:11

42,123. దాని కవల నిన్న పోయింది. ఇప్పుడు ఒకటి కొత్తది కాబట్టి రెండోదాన్ని కూడా మార్చమని మళ్లీ టికెట్ పెట్టాను. ఈసారి ‘బుధవారం రాత్రి చేస్తాం’ అన్నారు.

ఓరుగల్లు_కోట · ఆదివారం, సాయంత్రం 4:30

మంచిది. కాగితం మార్చి రాసుకోండి. బ్యాకప్ రోజూ వెళుతోందన్నారు. ఒక్కసారైనా తిరిగి ఎక్కించి చూశారా?

బందరు_కాలువ · ఆదివారం, సాయంత్రం 4:33

…

బందరు_కాలువ · శుక్రవారం, రాత్రి 11:05

చూశాను. ఖాళీ యంత్రం మీద మొదటి నుంచి ఎక్కించాను. డేటాబేస్ మొత్తం వచ్చింది, 2 గంటల 10 నిమిషాలు పట్టింది. విద్యార్థుల ఫొటోలున్న ఫోల్డర్ మాత్రం రాలేదు. ఎందుకని చూస్తే, క్లౌడ్‌లో ఉన్నప్పుడు అది వేరే స్టోరేజీలో ఉండేది, ఇక్కడికి మారాక డిస్కు మీదికి తెచ్చాను, బ్యాకప్ జాబితాలో చేర్చడం మరిచాను. ఆరు వారాలుగా రోజూ ‘బ్యాకప్ విజయవంతం’ అని మెయిలు వస్తూనే ఉంది.

చేర్చాను. రేపు మళ్లీ మొదటి నుంచి ఎక్కించి చూస్తాను.